ఆ లారీకి వెనక లైటు లేదు

పోయిన నెల మా వీధిలోనే ఒక పరామర్శకి వెళ్లాను. నాలుగిళ్ల అవతల. కుర్రాడికి 26 ఏళ్లు. రాత్రి డ్యూటీ దిగి బండి మీద ఇంటికొస్తూ, హైవే పక్కన ఆపి ఉన్న లారీని వెనక నుంచి గుద్దేశాడు. లారీకి వెనక లైటు వెలగడం లేదు. మెరిసే స్టిక్కర్లు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయట. బండి ఆగిపోతే వెనకాల కాస్త దూరంలో ఓ చెట్టుకొమ్మ విరిచి పడేస్తారు చూడండి, అదీ లేదు. పిల్లాడు హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. పెళ్లయి ఏడాది కాలేదు.

పరామర్శలో మాటలు ఎలా నడుస్తాయో మీకు తెలిసిందే. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఎలా జరిగిందని అడుగుతారు. తండ్రి మళ్లీ మొదట్నుంచీ చెప్పుకొస్తాడు. విన్నవాళ్లు నిట్టూరుస్తారు. ఆ తర్వాత ఎవరికీ మాట తోచదు. ఆ రోజు ఆ కుర్రాడికి వరసకి నాయనమ్మ అయ్యే పెద్దావిడ అందుకుంది. "ఏముందమ్మా, అంతా ఆ పైవాడి లీల. ఎవరికెన్ని నూకలు రాసిపెట్టాడో అన్నే." అందరూ అవునవునన్నారు. నేనూ తలూపాను.

ఐదు నిమిషాలు గడిచాయో లేదో, ఆవిడే గొంతు తగ్గించి పక్కావిడతో అంది. "కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ అని పెద్దలు ఊరికే అన్నారా." ఎంత తగ్గించినా అది చిన్న హాలు. ఆ అమ్మాయి గోడకి చేరగిలబడి మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. తలెత్తలేదు. ఏడవలేదు. చాప మీద బయటికి కనబడుతున్న రెండు పాదాలనీ మెల్లగా చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

ఇంటికొచ్చాక కూడా ఆ పాదాలే కళ్ల ముందు తిరిగాయి. పైవాడి లీల అన్నప్పుడు తలూపిన నేను, వేళ అన్నప్పుడు మాత్రం మనసులో ఆవిడని తిట్టుకున్నాను. రెండూ వేరువేరు మాటలని ఎందుకనుకున్నాను? ఆవిడకి రెండూ ఒకటే. దేవుడు చేశాడన్న తర్వాత, ఊరికే ఎందుకు చేస్తాడు, ఏదో కారణం ఉండే ఉంటుంది కదా అని మనసు వెతుక్కుంటుంది. వెతకడం మొదలుపెడితే చెయ్యి ఎప్పుడూ ఆ గదిలో అందరికంటే నోరు లేని మనిషి మీదే ఆగుతుంది. లారీ అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి నాకో కారణం ఉంది. అది మా పెద్దమ్మ.

పుట్ట, పాలు, మైల

మా అమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లెటూరు. పెద్దమ్మని ఇచ్చింది కూడా పక్క ఊరే. 1988 శ్రావణంలో ఆవిడ కూతురు, నాకు చెల్లి, చనిపోయింది. దానికి ఏడేళ్లు, నాకు పది. పెంకుటిల్లు, ముందు వసారా, వసారాలో ఓ మూల ధాన్యం గాదె. పిల్లలం అందరం ఆ వసారాలోనే చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఆ రాత్రి నేను అక్కడ లేను. ఉండి ఉంటే దాని పక్కనే పడుకునేదాన్ని.

పొద్దున లేస్తూనే కడుపు నొప్పి అందట. పెద్దమ్మ వాము నూరి పట్టింది. కళ్లు వాలిపోతుంటే నిద్ర చాలలేదనుకున్నారు. పొద్దెక్కేసరికి మాట ముద్దగా, ముక్కుతో వచ్చింది. అప్పుడెవరో "పురుగు ముట్టిందేమో చూడండి" అన్నారు. కాలు, చెయ్యి అంతా వెతికితే మడమ పైన దోమ కుట్టినంత గుర్తు. వాపు లేదు, రక్తం లేదు. పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి ఎత్తుకెళ్లారు. ఆయన వేపమండలతో విసిరి, పసుపునీళ్లు చల్లి, విషం దిగుతోందన్నాడు. అక్కడి నుంచి పట్నం ఆస్పత్రికి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలోనే అయిపోయింది. సాయంత్రం గాదె వెనకాల నల్లటి ఒంటి మీద సన్నటి తెల్లకట్లున్న పాము కనబడింది.

పెద్దకర్మ కాకముందే ఇంట్లో కారణం తేలిపోయింది. ముందటి కార్తీకంలో నాగుల చవితికి ఊరంతా పుట్టలో పాలు పోశారు. పెద్దమ్మా పోసింది. ఇంటికొచ్చి చూసుకుంటే మైల. పుట్ట దగ్గర ఉన్నప్పటికే అయిందో, దారిలో అయిందో ఆవిడకే తెలీదు. భయపడి అప్పుడే అత్తగారికి చెప్పి, తలస్నానం చేసి, సుబ్రహ్మణ్యేశ్వరుడికి చెంపలేసుకుంది. దాచి ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు. నిజం చెప్పింది కనుక, తొమ్మిది నెలల తర్వాత ఆ నిజం తెచ్చి ఆవిడ ముందే పెట్టారు.

అప్పటికి అక్కడ కృష్ణ మీద వంతెన లేదు. పెనుమూడి రేవులో పడవెక్కి, అవతలికెళ్లి మోపిదేవిలో పూజలు చేయించారు. ఊరి చెరువుగట్టున రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ చేయించారు. పెదనాన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద మాటయి కూర్చుంది. తర్వాత రెండు కాన్పులు నిలవలేదు. అవీ ఆ ఖాతాలోకే చేరాయి. అప్పట్నుంచీ ప్రతి చవితికీ పెద్దమ్మ చలిమిడి చేస్తుంది, చిమ్మిలి దంచుతుంది, పాలు కాచి చెంబులో పోసి ఎవరో ఒకరి చేతికిస్తుంది. పుట్ట దాకా వస్తుంది. పది అడుగుల దూరంలో ఆగిపోతుంది.

కట్లపాము గురించి ఓ డాక్టరు చెప్పింది

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా బడికి ఓ ప్రభుత్వ డాక్టరు వచ్చి పాముకాటు గురించి పిల్లలతో మాట్లాడారు. మన దగ్గర మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు రకాలని బోర్డు మీద రాశారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. కట్లపాము సంగతి చెబుతూ ఆయన గొంతు కాస్త పెంచారు. ఇది రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకల కోసం, చిన్నచిన్న పాముల కోసం ఇళ్లలోకి వస్తుంది. నేల మీద నిద్రపోతున్నవాళ్లు ఒత్తిగిలితే కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు. చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లారాక కడుపు నొప్పి అంటారు. తర్వాత కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి.

నేను ఆఖరి బెంచీ వెనక నిలబడి వింటున్నాను. మా చెల్లి ఆఖరి పొద్దుని ఎవరో పక్కనుండి చూసి చెబుతున్నట్టే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు.

పాలు పోసింది నాగుపాము పుట్టలో. కరిచింది కట్లపాము. ఆ తెల్లకట్లు ఊళ్లో అందరూ చూశారు. పగ పట్టిన పాము, చంపిన పాము ఒకటి కాదన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. గాదె ఉంది కనుక ఎలుకలు, ఎలుకలు ఉన్నాయి కనుక పాము, నేల మీద పడుకుంది కనుక పిల్ల. మంచం వేసినా, దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపినా బతికేదేమో. ఇంతే కథ. ఇందులో పెద్దమ్మ మైల ఎక్కడా లేదు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు 12 లక్షల దాకా ఉంటారని పరిశోధకులు లెక్కగట్టారు. ఏటా సగటున 58 వేలు. అందులో నాలుగో వంతుకి పైగా పదిహేనేళ్లు నిండని పిల్లలు. ఇన్ని ఇళ్లలో ఎన్ని చోట్ల ఎవరో ఒక ఆడమనిషి పుట్టకి పది అడుగుల దూరంలో నిలబడిపోయి ఉంటుందో ఏ పరిశోధనా లెక్క వేయలేదు.

మంత్రం వేసే ఆయన మీద నాకు కోపం లేదిప్పుడు. అతను మోసగాడు కాకపోవచ్చు. పాముకాట్లలో విషం లేనివి చాలా ఉంటాయి. విషప్పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కదు. అలాంటివాళ్లు మంత్రం వేసినా, వేయకపోయినా బతుకుతారు. బతికినవాళ్లు వచ్చి కొబ్బరికాయ కొడతారు, పదిమందికీ చెబుతారు. పోయినవాళ్ల తరఫున చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

పక్క మంచం

ఆ చివరి మాట నాకూ తగులుతుంది. మా అబ్బాయికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు నేను ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. సైన్సు టీచర్ని, అయినా మొక్కుకున్నాను. పిల్లాడు కోలుకున్నాడు. నాలుగో రోజు మా ఆయన ఫోన్లో అందరికీ "దేవుడి దయ వల్ల గండం గడిచింది" అని చెబుతున్నారు. అదే గదిలో పక్క మంచం మీద ఇంచుమించు అదే ఈడు పిల్ల. ఆ పిల్ల చేతికి తాయెత్తు, మంచం తలవైపు విభూతి పొట్లం. తెల్లవారుజామున ఆ పిల్ల పోయింది. మంచం ఖాళీ చేసి వెళ్తూ ఆ తల్లి నా దగ్గరికొచ్చి అడిగింది, "మీరు ఏ దేవుడికి మొక్కారండీ?"

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తప్పు గుమ్మం తట్టానేమోనని ఆవిడ అనుమానం. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ రోజు నుంచి నాకో అలవాటు అబ్బింది. దేవుడి గురించి ఎవరు ఏ మాట చెప్పినా, ఇది ఆ తల్లి ముందు అనగలమా అని ఆలోచిస్తాను. "దేవుడి దయ వల్ల మావాడు దక్కాడు" అన్నది ఆవిడ ముందు అనలేం. అంటే, మీ పిల్ల మీద ఆయనకి దయ కలగలేదని చెప్పినట్టే. "భక్తిగా అడిగితే ఆయన కాదనడు" అన్నది అంతకంటే అనలేం. బస్సు లోయలో పడితే బతికి బయటపడిన ముగ్గురూ టీవీలో అదే చెబుతారు. వాళ్లు చెప్పడం సహజం, వణుకుతున్న మనిషిని తప్పు పట్టను. కానీ ఆ వాక్యం వింటూ కూర్చున్న మిగతా ముప్పై ఇళ్లవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది పోయారు. అందరూ స్నానానికి వచ్చినవాళ్లే. పుణ్యకాలంలో గోదారి ఒడ్డున ప్రాణం పోవడం ఎంతమందికి దక్కుతుందని అప్పుడు మా స్టాఫ్‌రూంలోనే ఒకరన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మాటతో అక్కడ జరుగుతున్న చర్చ ఆగిపోయింది. అంతమందిని ఒకే ఘాట్‌కి ఎందుకు రానిచ్చారు, బయటికెళ్లే దారి ఏమైంది అని అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్లం, ముక్తి మాట వచ్చాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అదే తీరం, పదమూడేళ్ల తేడా

1977 నవంబరు 19 ఉప్పెన సంగతి మా వైపు వాళ్లకి విడిగా చెప్పనక్కర్లేదు. నేను పుట్టడానికి ముందటి ఏడు. దివిసీమలో, సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఇంటికి ఒకరో ఇద్దరో కాదు, కుటుంబాలకి కుటుంబాలే కొట్టుకుపోయాయి. అధికారుల లెక్కలోనే పదివేల దాకా. చిన్నప్పుడు పెద్దవాళ్లు దాని గురించి చెప్పుకుంటుంటే పాపం పండిందనే మాట తప్పక వచ్చేది. ఎవరి పాపమంటే, చెప్పేవాళ్లని బట్టి మారేది.

1990 మేలో మళ్లీ అదే కృష్ణా ముఖద్వారం వైపు, దాదాపు అంత బలంతోనూ తుపాను వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు, బాగా గుర్తు. పోయినవాళ్లు వెయ్యిలోపు. అది చిన్న సంఖ్యని అనను. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? ఈ పదమూడేళ్లలో మా జిల్లాల్లో పాపాలేమీ తగ్గలేదు. ముందుగా హెచ్చరిక అందింది. లక్షకి పైగా జనాన్ని లోతట్టు ఊళ్ల నుంచి తరలించారు. ఉప్పెన తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు ఉన్నాయి. దేవుడు శాంతించాడని అనుకుని ఊరుకుని ఉంటే ఈ తేడా వచ్చేది కాదు. గాలి ఎటు వీస్తుందో లెక్క కట్టినవాళ్లు, మెరక మీద కాంక్రీటు గది లేపినవాళ్లు, ఇల్లు వదలనని భీష్మించిన ముసలాయన్ని ఎత్తుకుని జీపులో కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు కనుక వచ్చింది.

పెద్దపెద్దవాళ్లకి కూడా ఈ చోట కాలు జారింది. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది పోతే, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. అంటరానితనం మీద ఆయన కోపంలో అణువంత అబద్ధం లేదు. అప్పటికి ఆయన ఆ పని మీదే దేశం తిరుగుతున్నారు. అయినా రవీంద్రనాథ్ టాగూర్ ఊరుకోలేదు. ప్రకృతి ఉత్పాతాలకి ప్రకృతిలోనే కారణాలుంటాయని రాశారు. ఇంకో మాట కూడా రాశారు. ఇలాంటి వాదన గాంధీ ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందని, ఈ భూకంపానికి గాంధీ, ఆయన అనుచరులే కారణమని వాళ్లంటే తాను ఆశ్చర్యపోనని. గాంధీ ఆ ఉత్తరాన్ని తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకం తనదేనని జవాబిచ్చారు. ఆ నిజాయితీకి దణ్ణం పెడతాను. వాదనలో మాత్రం నేను టాగూర్ పక్షం. దేవుడి శిక్ష అన్న కాగితం మీద నేరం రాసే గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు నింపుతారు. గాంధీ చేతిలో ఉంటే అంటరానితనం. మా పెద్దమ్మ అత్తగారి చేతిలో ఉంటే మైల.

కర్మ సంగతి

ఇక్కడ నాతో ఎప్పుడూ వాదించే మా తమ్ముడు ఒక మాట అంటాడు. "అక్కా, నువ్వు చెప్పేది మొరటు భక్తి. పెద్దలు చెప్పింది అది కాదు. దేవుడు ఎవర్నీ శిక్షించడు. ఎవరి కర్మ వాళ్లది. ఆయన సాక్షి మాత్రమే." ఇది తేలిగ్గా తోసేసే మాట కాదు, నాకు తెలుసు. ఇందులో ఒక న్యాయం ఉంది. ఏదీ ఊరికే పోదు, చేసింది అనుభవించాలి అన్న నమ్మకం వల్ల ఎంతోమంది తప్పు చేయడానికి జంకుతారు. మా నాన్నే అలాంటి మనిషి.

కానీ ఏడేళ్ల పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క పోయిన జన్మకి వెళ్లాలి. పోయిన జన్మ చిట్టా ఎవరూ చూసింది లేదు. చూడలేని చిట్టాలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. కర్మని తన మీద తాను వేసుకుంటే అది వినయం. పక్కవాడి మీద వేస్తే తీర్పు. మనం ఎక్కువగా వేసేది పక్కవాళ్ల మీదే. మనకి జ్వరం వస్తే వానలో తడిశామంటాం, వాళ్లకి వస్తే చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అంటాం.

అలాగని నేను నాస్తికురాలిని కాను. సాయంత్రం దీపం పెట్టకపోతే నాకు తోచదు. మా అమ్మ "స్వామీ, తట్టుకునే శక్తినివ్వు" అని దణ్ణం పెడితే అందులో నాకు అభ్యంతరమేమీ కనబడదు. కష్టం ఎందుకొచ్చిందో అమ్మ ఎప్పుడూ దేవుణ్ణి అడగలేదు. వచ్చింది, మోయాలి, చెయ్యందించమని అడిగింది, అంతే. అలాంటి దేవుడితో నాకు పేచీ లేదు. మా తాతల కాలంలో మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు. ఇంటి గుమ్మానికి వేపాకు కట్టి, రోగిని తల్లిలా చూసుకునేవాళ్లు. ఆ వేపాకులో ఉన్న అక్కరని నేను కాదనను. కానీ మశూచిని ఈ దేశం నుంచి 1975లో వెళ్లగొట్టింది టీకా. అమ్మవారికి కోపం వస్తుందని టీకాలవాళ్లని ఊరి పొలిమేరలోనే ఆపేసి ఉంటే ఇవాళ మన పిల్లల మొహాలు ఎలా ఉండేవో.

చెప్పకుండా దాచుకున్నది

ఇంత తెలిసిన నేను పెద్దమ్మకి మాత్రం కట్లపాము సంగతి చెప్పలేదు. డాక్టరు మా బడికొచ్చి వెళ్లాక కూడా కొన్నేళ్లు నోరు మెదపలేదు. నా వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే.

నా భయం ఏమిటంటే, దేవుడి శిక్ష అన్న మాట పెద్దమ్మని కాల్చింది నిజమే, కానీ ఇంకో మంటని అది కప్పి కూడా ఉంచింది. అది మైల వల్ల కాదు, పాము విషం వల్ల అని చెబితే, ఆవిడ మరుక్షణం అడిగే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. విషానికి విరుగుడు ఉంటుంది కదా అంటుంది. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసే ఆ మందు మన దేశంలో తయారవుతూ అప్పటికే దశాబ్దాలు గడిచాయి. మంత్రం దగ్గరికి కాకుండా నేరుగా పట్నానికి తీసుకెళ్లి ఉంటే అన్నది ఇక ఆవిడని వదలదు. రాత అనుకుంటే ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. రాత కాదంటే, ఎవరో ఏదో చేసి ఉండొచ్చు. డెబ్బై దాటిన మనిషికి ఆ బరువు కొత్తగా ఎత్తడం న్యాయమా? ఉన్న కథతో ఎలాగో సర్దుకుని బతుకుతోంది కదా అనుకున్నాను. ఇది దయ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొంత పిరికితనం ఉంది.

పరామర్శ నుంచి వచ్చిన వారానికి రేపల్లె వెళ్లాను. పెద్దమ్మ వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. అదే వసారా, గాదె ఎప్పుడో తీసేశారు. మా వీధి అబ్బాయి సంగతి చెప్పాను. వేళ అన్న మాట చెప్పాను, పాదాలు లాక్కోవడం చెప్పాను. ఆవిడ ఆకు దూయడం ఆపలేదు. అప్పుడు చెప్పేశాను. ఆ పాము వేరు, పుట్టలో పాము వేరు పెద్దమ్మా. అది రాత్రిళ్లు ఎలుకల కోసం వస్తుంది. చెల్లికి వచ్చినవన్నీ దాని విషానికి వచ్చే గుర్తులే. నీకు మైల అయినా, కాకపోయినా అది ఆ రాత్రి ఆ గాదె కిందే ఉండేది.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేను భయపడిన ప్రశ్నే అడిగింది. "అయితే అమ్మడూ, పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తే బతికేదా?"

"బతికేదేమో పెద్దమ్మా." అబద్ధం ఆడలేకపోయాను. "కానీ అది కరిచినట్టు ఆ పొద్దున ఎవరికి తెలుసు? కడుపు నొప్పి అంటే వాము పట్టావు. నేనైనా అదే చేసేదాన్ని."

పెద్దమ్మ చేతిలో మునగకాడ పక్కన పెట్టింది. "రెండుసార్లు పట్టాను. మింగలేదు. మూతి పక్కనుంచి కార్చేసింది. మొండికేస్తోందని కసిరానే. నెత్తిన ఒకటి మొట్టాను కూడా." ఈ మాట ముప్పై ఏడేళ్లలో మా ఇంట్లో ఎవరం వినలేదు. మైల, పుట్ట, మోపిదేవి, నాగప్రతిష్ఠ అన్నీ విన్నాం. ఇది వినలేదు. "మింగలేకపోయిందన్నమాట పాపం," అంది. "దానికి మింగుడు పడలేదు. నాతో మొండితనం కాదు." అంటూ ఏడ్చింది. పాపం చేశానని కుమిలిపోవడం నేను చాలాసార్లు చూశాను. కూతురు పోయిందని ఏడవడం మాత్రం అప్పుడే చూశాను.

నేను చేసింది మంచో చెడో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆ మొట్టికాయ ఇక ఆవిడతోనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఉన్నట్టే ఉంటుంది, కాకపోతే ఇప్పుడు దానికి ఓ మనిషి తోడుంది.

చీకటి పడ్డాక బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. చెప్పులేసుకుంటుంటే అడిగింది.

"లారీకి లైటు లేదని ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా?"